బండి ఎట్ల పోతది టీచర్?

మొన్న ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర షేర్ ఆటో ఎక్కి రామంతాపూర్ వైపు వస్తుంటే సగం దారిలో బండి ఆగిపోయింది. డ్రైవరు దిగి వెనక నుంచి తోస్తుంటే, నా పక్కన కూర్చున్న పెద్దమనిషి ఒకాయన, దిగడానికి బద్ధకమేసిందో ఏమో, లోపల్నుంచే ముందు సీటు కమ్మీని రెండు చేతులా పట్టుకుని, పళ్ళు బిగించి, తనూ ముందుకు తోయడం మొదలుపెట్టాడు. నాకు నవ్వాగలేదు. దిగి తోయండి బాబూ, కాలు నేలకు ఆనితేనే బండి కదిలేది అని చెప్పబోయాను. ముప్పై రెండేళ్ళు నాచారంలో పదో తరగతికి ఫిజిక్సు చెప్పినదాన్ని, నోటిదురద ఎక్కడికి పోతుంది? కానీ ఆ మాట గొంతులోనే ఆగిపోయింది, ఎందుకంటే ఆ ముక్క నాది కాదు. నా దగ్గర చదువుకున్న ఒక ఆడపిల్ల పరీక్ష పేపరులో రాసిన ముక్క అది, దానికి నేను సున్నా వేశాను.

నాకప్పుడు పాతికేళ్ళు కూడా లేవు. నాచారంలో ఫ్యాక్టరీల వెనక సందులో రేకుల షెడ్డు బడి మాది, తెలుగు మీడియం, ప్రైవేటు. మా నాన్న ఊళ్ళో పాస్టరు కావడం వల్ల చిన్నప్పటి నుంచి వాక్యాలు కంఠస్థం చేయడం నాకు వెన్నతో పెట్టిన విద్య, అదే ధోరణిలో ఫిజిక్సూ కంఠస్థం చేసి డిగ్రీ గట్టెక్కాను. పిల్లలచేతా అలాగే చెప్పించేదాన్ని. చర్యకు ప్రతిచర్య పరిమాణంలో సమానం, దిశలో వ్యతిరేకం, అవి వేర్వేరు వస్తువుల మీద పనిచేస్తాయి. ఉదాహరణలు తుపాకీ, రాకెట్టు, పడవ. తుపాకీ పేలడం గానీ, రాకెట్టు ఎగరడం గానీ ఎవరూ చూసి ఎరగరు, పడవ ఎక్కిన పిల్ల ఆ క్లాసులో ఒక్కతీ లేదు. అయినా అందరూ గొంతెత్తి ఒప్పజెప్పేవారు, బయట సందులోకి వినిపించేది, వింటూ మా పెద్దసారు మీసం సవరించుకునేవారు. మీలో ఆ రోజుల్లో చదువు చెప్పినవాళ్ళుంటే, ఆ గొంతుల హోరే మనకు మంచి టీచరని పేరు తెచ్చిపెట్టిన సంగతి మీకూ తెలిసే ఉంటుంది.

ఆ పిల్ల తండ్రికి ఒక కాలు సరిగా ఉండేది కాదు. కూరగాయల తోపుడు బండి ఆయనది. పొద్దున్నే రామంతాపూర్ నుంచి బండి నిండా సరుకుతో ఎత్తులెక్కి మా నాచారం కాలనీలకు రావాలంటే వెనక నుంచి బలమైన మనిషి కావాలి, ఆ మనిషి ఈ పిల్లే. బండిని కాలనీ మొదట్లో నిలబెట్టి, చేతులు కడుక్కుని, అక్కణ్ణుంచే బడికొచ్చేది. నేను మూడో గమన నియమం చెప్పిన రోజున, అందరూ ఒప్పజెప్పి కూర్చున్నాక, ఆ పిల్ల లేచి నిలబడింది.

“టీచర్, నేను బండిని నూకితే బండి గూడ నన్ను గంతే జోరుగ ఎన్కకు నూకుతదంటున్రు గద. గట్లయితే రెండూ సమానమాయె. మరి బండి ఎట్ల పోతది టీచర్?”

నాకు తెలియదు. ఇప్పుడు ఇంత తేలిగ్గా రాస్తున్నాను గానీ, అప్పుడు ఆ మాట పైకి అనడం నా వల్ల కాలేదు. తెలియదని ఒప్పుకునే టీచర్లను నా చదువులో నేనొక్కరినీ చూడలేదు. పరీక్షలో నీ బండి అడుగుతారా, పుస్తకంలో ఉన్నది చదువు అని కసిరి, ఆ పీరియడంతా నిలబెట్టాను. పిల్లలు నవ్వారు. ఆ మర్నాటి నుంచి దాని పేరే బండి అయిపోయింది. హాజరు పిలుస్తూ ఒకటి రెండుసార్లు నా నోటి నుంచీ ఆ పేరే వచ్చింది, అప్పుడు నేనూ నవ్వాను.

దసరా సెలవుల ముందు క్వార్టర్లీ పరీక్ష జరిగేది. ఆ పరీక్ష మా బడికి ఎంత ముఖ్యమో బయటివాళ్ళకు తెలియదు. గేటు మీద నూటికి నూరు శాతం ఫలితాలని రాయించిన బోర్డు అలాగే ఉండాలంటే, తప్పేటట్టున్న పిల్లలను ముందే ఏరి, బడి తరఫున కాకుండా ప్రైవేటుగా పరీక్ష కట్టుకోమని పంపేసేవారు. ఆ మాటకు అర్థం ఇంట్లో కూర్చోమనే. అలా వెళ్ళిన ఆడపిల్లల్లో పరీక్ష రాసిన పిల్లను నేను చూడలేదు.

ఆ పేపర్లను మేము గైడు పక్కన పెట్టుకుని దిద్దేవాళ్ళం. గైడులో ఉన్న పాయింట్లు జవాబులో కనిపించాలి, కనిపించిన చోట ఎర్ర పెన్నుతో టిక్కు, ఎన్ని టిక్కులైతే అన్ని మార్కులు. ఆ పిల్ల మూడో నియమం దగ్గర తుపాకీ రాయలేదు, రాకెట్టు రాయలేదు. ఒక బండి బొమ్మ వేసి, దాని వెనక ఒంగి తోస్తున్న మనిషి పాదం పెద్దదిగా గీసి, కింద నాలుగే వాక్యాలు రాసింది. కాలు రోడ్డును వెనక్కి నూకుతది. రోడ్డు మనిషిని ముందుకు నూకుతది. బండి మనిషిని వెనక్కి నూకుడు దానికంటే తక్కువ. బురద ఉంటే కాలు జారుతది, అప్పుడు బండి పోదు. నేను గైడు చూశాను, జవాబు చూశాను. ఒక్క పాయింటూ లేదు. పైగా నా మీద కోపంతో మళ్ళీ బండి సంగతే ఎత్తిందనిపించింది. అడ్డంగా ఒక గీత కొట్టి సున్నా చుట్టాను.

పాసవడానికి మూడు మార్కులు తక్కువయ్యాయి. ఆ ప్రశ్నకు నాలుగు.

పెద్దసారు పంపేసే పిల్లల జాబితా ముందు పెట్టుకుని, ఎవరినైనా బడిలోనే ఉంచేది ఉంటే ఇప్పుడే చెప్పండమ్మా అని అడిగారు. అడగలేదని ఆయన మీద నెట్టేయడానికి వీల్లేదు. ఎవరూ లేరు సార్ అన్నాను. దసరా సెలవుల తర్వాత ఆ పిల్ల బడికి రాలేదు.

ఆ మరుసటి వేసవిలో టీచర్లకు శిక్షణ పెట్టారు. పాఠం చెప్పడానికొచ్చిన పెద్దాయన మొదటి రోజే మమ్మల్నందరినీ ఒక ప్రశ్న అడిగారు. చర్య, ప్రతిచర్య సమానమైతే ఎడ్లు లాగే బండి ఎలా కదులుతుందని. గది నిండా ఉన్న టీచర్లం నియమాన్నే మళ్ళీ ఒప్పజెప్పాం. ఆయన నవ్వి, బోర్డు మీద ఒక గిట్ట గీసి, అది నేలను వెనక్కి తన్నడం, నేల దాన్ని ముందుకు నెట్టడం బాణాలతో చూపించి, నేల జారుడుగా ఉంటే ఏమవుతుందో చెప్పమన్నారు. అది ఆ పిల్ల వేసిన బొమ్మే. వేర్వేరు వస్తువుల మీద అని అన్నేళ్ళు వల్లించిన మాటకు అర్థం నాకు అప్పుడు తెలిసింది.

అప్పటికి ఏడాదైనా కాలేదు. వెళ్ళి చెబితే పరీక్ష కట్టించవచ్చు, నేనే కూర్చోబెట్టి చదివించవచ్చు. ఒక సాయంత్రం రామంతాపూర్ చెరువు దాకా వెళ్ళాను కూడా. అక్కడ వాళ్ళ నాన్న బండితో ఎదురై, రెండు చేతులూ జోడించి, వద్దంటున్నా వినకుండా నా సంచిలో రెండు కొత్తిమీర కట్టలు పెట్టాడు. బిడ్డ ఇంట్లోనే ఉంది, రాండ్రి టీచర్ అన్నాడు. మళ్ళొస్తానని చెప్పి ఆ కొత్తిమీరతో ఇంటికొచ్చి చారు పెట్టాను. వెళ్తే నాకు పాఠం రాదని చెప్పాలి, ఆ మాట నోరు దాటదు. తర్వాత నా పెళ్ళి, పిల్లలు, పెద్ద బడి, ఇంగ్లీషు మీడియం. ప్రతి ఆదివారం గుళ్ళో ఒప్పుకోలు ప్రార్థనలో ఎన్నో ఒప్పుకున్నాను, ఇదొక్కటి మాత్రం దేవుడి దగ్గర కూడా దాచాను.

ఆటో ఆగిన ఆ వారమే, ఆదివారం ఆరాధన అయ్యాక వెతుక్కుంటూ వెళ్ళాను. తండ్రి పోయాడట. ఆ పిల్ల, అంటే ఇప్పుడు నడివయసు మనిషి, చర్లపల్లిలో ఏదో కంపెనీలో ప్యాకింగు పనికి వెళ్తోంది. నన్ను చూడగానే గుర్తుపట్టింది, కొంగుతో కుర్చీ తుడిచి వేసింది. ఛాయ్ గ్లాసు పక్కన పెట్టి, చెప్పాలనుకున్నది చెప్పేశాను. నువ్వు రాసిందే సరైన జవాబని, తప్పు నాదని, నీ చదువు నా చేతుల్లోనే ఆగిపోయిందని.

“ఏ బండి టీచర్? నాకు యాదికే లేదు. సదువు నా తలకెక్కలే, మీరేం జేస్తరు? మీరు మస్తు మంచిగ జెప్పెటోళ్ళు.”

నేను ఊరుకోలేకపోయాను. గోడనున్న పాత క్యాలెండరు కాగితం అడిగి చింపించి, దాని వెనక బండి గీశాను, ఒంగిన మనిషిని గీశాను, పాదం పెద్దదిగా గీసి బాణాలు పెట్టి, ఇదమ్మా నువ్వు రాసింది, ఇది చాలామంది టీచర్లకు కూడా తెలియదు, నీకు పదో తరగతిలోనే తెలుసు అన్నాను. ఆవిడ ఆ బొమ్మను మర్యాద కోసం కాసేపు చూసింది, నా ముఖం చూసింది, నా కళ్ళలో నీళ్ళు చూసి కంగారుపడింది.

“గిది ఎవ్వలకైనా దెలుస్తది గద టీచర్. గిందుల సదువేముంది?”

ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుని లేచాను. తనకు చదువు రాదని నేర్పింది నేనే, ఆ ఒక్క పాఠమే నా దగ్గర ఆ పిల్ల మరిచిపోకుండా నేర్చుకుంది. ఇప్పటి పిల్లలకు చాలా పరీక్షల్లో జవాబు రాసే పనే లేదు, గళ్ళు నింపితే మిషను దిద్దుతుంది, దానికి కోపం రాదు, బొమ్మ వేసే చోటూ లేదు. మా రోజుల్లో ఆ చోటు ఉండేది, పిల్లలు వేసేవారు కూడా. ఎన్ని వేల పేపర్లు దిద్దానో నాకే తెలియదు, ఆ గీతల కింద ఇంకేమేం ఉన్నాయో ఇప్పుడు ఎవరిని అడగను?