యాకూబ్ అన్న గీసిన రాతికమాను

మొన్న మా ఇంటి కిటికీలకు రంగులు వేస్తుంటే టర్పెంటైన్ వాసన వచ్చింది. పనివాళ్లకు టీ ఇవ్వడానికి వెళ్లినదాన్ని కాసేపు అక్కడే నిలబడిపోయాను. ఇబ్రహీంపట్నం బస్టాండు పక్కన యాకూబ్ అన్న ఫోటో స్టూడియోలో నేను పనిచేసిన రోజుల వాసన అది.

ఫోటో దిగేవాళ్ల వెనక కట్టే తెరను అన్నే స్వయంగా గీశాడు. సముద్రపు ఒడ్డున పెద్ద రాయి, దాని నడుమ అలలు తొలిచిన కమాను. పెళ్లయిన కొత్తలో భార్యతో విశాఖ వైపు వెళ్లినప్పుడు చూసిన రాయట. సముద్రం చూడని మా ఊరి జంటలెన్నో ఆ తెర ముందు ఫోటో దిగాయి. నేనూ, మా ఆయన శ్రీనూ దిగాం. శ్రీను జ్వరంతో పోయాక అన్న నన్ను పిలిచి పనిచ్చాడు. రోజూ లైట్లు సర్దుతూ, శ్రీను నిలబడిన చోటునే చూసేదాన్ని.

ఒక తుఫానుకు ఆ కమాను కూలి, రాయి రెండుగా మిగిలిందని అన్నకు తెలిసింది. తెర మార్చి గీస్తానన్నాడు. వద్దని బతిమాలాను.

"ముందుగాల పోయి చూసొద్దం చెల్లె. చూసినంక గూడ నువ్వు వద్దంటే బ్రష్ ముట్ట" అన్నాడు.

అన్న, ఆయన భార్య షాహీన్ వదిన, నేను రైల్లో వెళ్లాం. ఒడ్డున రెండు రాళ్లు ఎడంగా నిలబడి ఉన్నాయి. విరిగిన వైపు రాయి ఇంకా తెల్లగా ఉంది. అలలు మధ్యలోంచి నేరుగా వచ్చి మా కాళ్లు తడిపాయి. నేను ఏడుస్తుంటే వదిన చేయి పట్టుకుంది.

"పాడైందనుకుంటున్నవా?" అన్నాడు అన్న. "కమాను గాకముందు అది గుహ. గుహ గాకముందు వట్టి బండ. మనం నడుమల వచ్చి చూసినం, గంతే."

పొద్దు వాలేదాకా కూర్చున్నాం. చాలా నెలల తర్వాత ఆ పూట నాకు ఆకలైంది. వదిన తెచ్చిన రొట్టెలు కడుపునిండా తిన్నాను. ఊరికి తిరిగొచ్చాక, కొత్త తెరకు బూడిదరంగు నేనే కలిపిచ్చాను.

అన్న ఇప్పుడు లేడు. ఆయన నాకు ధైర్యం చెప్పిన మాటలకంటే, నా వెంట అంత దూరం రావడమే ఎక్కువ గుర్తు. కిందటేడు మా పక్కింటి లక్ష్మి ముఖానికి ఆపరేషన్ అయ్యాక అద్దం చూసుకోవడానికి భయపడింది. నేనేమీ నచ్చజెప్పలేదు. చేయి పట్టుకుని అద్దం దాకా వెంట నడిచాను. చాలాసేపు చూసుకుని, జడ వెయ్యమని దువ్వెన నా చేతికిచ్చింది.