బయటికి కొట్టు

ఈ ప్రయాణం మొదలైంది స్కూటీ తాళం మీద పేచీతో. మా అక్క గుంటూరు పక్కన ఒక పల్లెటూరి బళ్లో లెక్కల టీచరు. రోజూ స్కూటీ మీదే వెళ్లొస్తుంది. ఈమధ్య కంటి డాక్టరు పరీక్ష చేసి, "ఎదురుగా ఉన్నవి బాగానే కనపడుతున్నాయి మేడమ్, పక్కనున్నవి కనపడటం తగ్గిపోతోంది. బండి మానెయ్యండి" అన్నాడట. ఈవిడ వింటేగా.

"ఆ పరీక్షలో వెలుగు చుక్క కనపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. నిద్రొచ్చి కొన్ని నొక్కలేదు, అంతే" అని కొట్టిపారేసింది. తాళం లాక్కుందామనే నేను విజయవాడ నుంచి గుంటూరులో తనింటికి వచ్చాను. శనివారమంతా పోట్లాడుకున్నాక తనే ఒక పందెం పెట్టింది. "అద్దంకిలో మస్తాన్ గారి తుపాకీ ఆట ఇంకా ఉందట. మొదటి స్టేజి దాటితే తాళం అడక్కు. దాటకపోతే తీసేసుకో." ఒప్పుకున్నాను. ఆ మొండిఘటంతో ఇంకెలా వేగను?

మా నాన్న అద్దంకిలో బ్యాంకు ఉద్యోగం చేసేటప్పుడు సినిమా హాలు పక్కన మస్తాన్ గారి వీడియో గేమ్స్ షాపు ఉండేది. అందులో పెద్ద మిషను, దానికి వైరుతో కట్టిన రెండు ప్లాస్టిక్ తుపాకులు. తెర మీద దొంగలు లేస్తారు, కాల్చాలి. మధ్యలో మామూలు మనుషులూ వస్తారు, వాళ్లకి తగలకూడదు. తూటాలు తగ్గితే తుపాకీని తెర బయటికి తిప్పి నొక్కాలి, మళ్లీ నిండుతాయి. రీలోడ్ అనే మాట మాకు తెలీదు. ఊళ్లో పిల్లలందరం "బయటికి కొట్టు" అనేవాళ్లం. అక్క ఏనాడూ ఖాళీ అయ్యేదాకా ఆగేది కాదు. ఒక్క తూటా ఉండగానే బయటికి కొట్టేసేది.

ఆదివారం పొద్దున ఏడింటికి గుంటూరు బస్టాండులో ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆడవాళ్లకి టికెట్టు ఉచితమే గానీ ఆధార్ చూపించాలి, వెళ్లేవాళ్లు మర్చిపోకండి. మా ముందు సీటావిడ మర్చిపోయి చిలకలూరిపేట దాకా కండక్టరుతో వాదిస్తూనే ఉంది.

ఊరు దాటగానే మంచు. పత్తి చేలల్లో ఆఖరి తీత అయిపోయింది. మోళ్లకి అక్కడక్కడా మిగిలిన దూది ఏదో, మంచు ఏదో తెలియడం లేదు. కాస్త పోయాక మిరప కళ్లాలు. ఎకరాలకి ఎకరాలు నేల మీద ఎరుపు పరిచి, దాని మధ్య నడుములదాకా మంచులో మునిగి ఆడవాళ్లు రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. కిటికీలోంచి సన్నగా ఘాటు వస్తోంది. కునుకులో కళ్లు తెరిచినప్పుడల్లా ఒకసారి తెలుపు, ఒకసారి ఎరుపు. బస్సు ఆగి అవే మమ్మల్ని దాటిపోతున్నాయేమో అనిపించింది.

చిలకలూరిపేటలో దిగి, బస్టాండు ఎదుట బండి మీద కారప్పొడి, నెయ్యి వేసిన ఇడ్లీ తిన్నాం. వేడివేడిగా బాగుంది. అద్దంకి బస్సులో మా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది.

"ఇద్దరూ ఎక్కడికమ్మా, పెళ్లికా?"

"తుపాకీ కాల్చడానికి పెద్దమ్మా" అంది అక్క, నవ్వకుండా.

"ఎవర్ని?"

"దొంగల్ని."

"అయితే ముందు మా ఊళ్లో దిగండి. మా మిరపకాయలు కొనేవాడున్నాడు."

బస్సులో నలుగురూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. ఆ నవ్వు చూస్తే నాకు పందెం ఓడిపోవాలనిపించింది.

పదిన్నరకి అద్దంకి. ఆ షాపు ఇప్పుడు సెల్‌ఫోన్ రిపేరు షాపు. మస్తాన్ గారి గడ్డం పూర్తిగా తెల్లబడింది. "బ్యాంకు గారి అమ్మాయిలు కదూ, రండి రండి" అని వెనక గదిలోకి తీసుకెళ్లారు. దుప్పటి తీస్తే అదే మిషను. "కొత్త టీవీలు పెడితే ఈ తుపాకీ పలకదమ్మా. అందుకే ఈ పాత పొట్ట టీవీనే కాపాడుకుంటున్నా" అన్నారు. తలుపు దగ్గరికి వేశారు. చీకట్లో నీలం వెలుగు మా ముగ్గురి మొహాల మీద కదులుతుంటే, నాకు మళ్లీ ఆరో క్లాసు లంగా వేసుకుని నిలబడినట్టుంది.

నేను రెండో తుపాకీ తీయబోతే, "పట్టుకోకు. ఇది నా పరీక్ష" అంది అక్క.

అబ్బ, ఎలా ఆడిందనుకున్నారు. ఎదురుగా లేచినవాడు లేచినట్టే పడిపోతున్నాడు. నొక్కినప్పుడల్లా తెర తెల్లగా మెరిసి ఆరుతోంది. ఎడమ మూల నుంచి వచ్చిన ఒకడు మాత్రం ఆమెని కాల్చేశాడు. "మిషను పాతదైపోయింది" అని సణిగింది. స్టేజి చివరికొచ్చేసింది. ఒక్క తూటా మిగిలింది.

"బయటికి కొట్టక్కా" అన్నాను, అలవాటుగా.

తుపాకీ కుడివైపు తిప్పి నొక్కింది. కానీ అది బయట కాదు. తెర అంచున పసుపు గౌను పిల్ల చేతులెత్తి నిలబడి ఉంది. కీచుమని అరిచి పడిపోయింది. తెరంతా ఎర్రబడింది.

"ఎవరికి తగిలింది?" అంది అక్క. "నేను బయటికే కొట్టానుగా."

"బయట కాదమ్మా, లోపలే" అన్నారు మస్తాన్ గారు మెల్లగా. "పాప ఉంది కదా అక్కడ."

అక్క తల తిప్పి అటు చూసింది. అప్పుడు కనపడింది. ఆటలో ఇంకో ప్రాణం ఉంది, ఆడమ్మా అని ఆయన అంటున్నా వినకుండా, తుపాకీని జాగ్రత్తగా దాని గూట్లో పెట్టేసింది.

మధ్యాహ్నం భోజనానికి వెళ్లిన మెస్సులో గోంగూర పచ్చడి బాగుంది. అక్క అన్నం కెలుకుతూ కూర్చుంది. నేను తాళం ఊసెత్తలేదు. మూడింటికి తిరుగు బస్సు దొరికింది. ఈ దారిలో వచ్చేవాళ్లు సాయంత్రం ఎండలో తిరిగి రండి. పొద్దున మంచు దాచిపెట్టినవన్నీ అప్పుడు కనపడతాయి: గట్లు, బోర్లు, కళ్లాల పక్కన చీర ఉయ్యాలల్లో నిద్రపోయే పసివాళ్లు. ఇంత అందంలోంచి ఇంత బరువుగా వెళ్తామని నేననుకోలేదు.

చిలకలూరిపేట దాటాక అక్క అడిగింది. "ఆ పిల్ల బాగా దగ్గరగా నించుందా?"

"బాగా దగ్గరగా."

"నాకక్కడ నల్లగా కూడా లేదే. అసలేమీ లేదు. తెర అయిపోయిందనుకున్నా." సంచీ తెరుస్తూ, "మా బడి పిల్లలు రోడ్డు అంచునే నడుస్తారే" అంది.

తాళం తీసి నా ఒళ్లో పెట్టింది. దీనికోసమే కదా వచ్చాను, చేతికొచ్చాక ఏడుపొచ్చింది.

"మరి రేపు బడికెలా వెళ్తావు?" అన్నాను.

"ఎనిమిదింటికి షేర్ ఆటో ఉంది. మన సందు చివరే ఆగుతుంది."

"ఎప్పుడు కనుక్కున్నావు?"

అక్క కిటికీ వైపు తిరిగింది. "డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన రోజే."