బాలప్ప గిటారు మెడ

అనంతపురం టౌనులో తలుపులూ కిటికీలూ చేసుకుని బతికే హనుమంతరాయుడికి గిటారు చేయడం ఎవరూ నేర్పలేదు. కళ్యాణదుర్గం వైపు పల్లెలో బోరు ఎండిపోయాక, శెనక్కాయ చేను నాయనకు వదిలేసి పద్దెనిమిదో ఏట టౌనుకొచ్చాడు. టింబరు డిపోలో దుంగలు మోశాడు. మోస్తూ మోస్తూనే, చెక్కను వేలితో తట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని, అది ఎంత ఆరిందో చెప్పగలిగేవాడయ్యాడు. ముప్పై అయిదేళ్ళు వచ్చేసరికి సొంతంగా ఒక రేకుల షెడ్డు, షెడ్డు వెనకే ఇల్లు. రాయుడు చేసిన తలుపు ఏ కాలంలోనూ వంకర పోదని టౌనులో పేరు. ఆ పేరంటే ఆయనకు ప్రాణం.

అలాంటి మనిషి దగ్గరికి 1998 చివర్లో ఒక మధ్యాహ్నం బాలప్ప వచ్చాడు. పాతికేళ్ళవాడు. బట్టల అంగడి జయరామయ్య నడిపే ఆర్కెస్ట్రాలో బేస్ గిటారు వాయిస్తాడు. గోనెసంచిలోంచి తీసి బల్ల మీద పెట్టిన గిటారు మెడ నిలువునా చీలి ఉంది. వ్యానులోంచి దింపేటప్పుడు కింద పడిందట.

"అతికిస్తావా అన్నా?"

"ఇదేం గిటారప్పా, నాలుగే తీగలుండాయి?"

బాలప్ప నవ్వాడు. "ఇది పాట పాడేది కాదన్నా. పాట కింద నిలబడేది. వాయిస్తాంటే ఎవురూ పట్టించుకోరు. ఆపితే మాత్రం పాట ఒట్టిపోతాది."

అతికించడం పెద్ద పని కాదు. జిగురు పూసి బిగించి, ఒక రాత్రి ఆరనిచ్చాడు. మరునాడు బాలప్ప వచ్చి వాయించి చూస్తుంటే హనుమంతరాయుడి చూపు అతని ఎడమ చేతి మీద పడింది. చిటికెన వేలు మడత పడడం లేదు. చిన్నప్పుడు గడ్డి కోస్తుంటే కొడవలి దిగి నరం తెగిందని చెప్పాడు. కలకత్తా నుంచి వచ్చిన ఆ గిటారు మెడేమో లావు. మిగిలిన మూడు వేళ్ళతోనే దాన్ని చుట్టి పట్టి, తీగలు నొక్కి, నాలుగు పాటలు వాయించేసరికి మణికట్టు వాచిపోతుంది.

"బెంగుళూరులో ఒకాయన చేతికి కొలత తీసుకోని గిటార్లు చేసిస్తాడంట. మనకు అందే పని కాదులే."

"కొలత తీసుకోని చేసేదానికి బెంగుళూరే కావల్లనా?" అన్నాడు హనుమంతరాయుడు. అన్నాక వెనక్కి తీసుకునే మనిషి కాదు.

ఆయన ఒక దారంతో బాలప్ప అరచేయి చుట్టుకొలత తీసుకున్నాడు. బొటనవేలి మొదలు నుంచి మధ్యవేలి కొస దాకా ఎంతుందో చెక్క మీద గీత గీసుకున్నాడు. కలకత్తా గిటారు మరలన్నీ విప్పి చూశాడు. మెడను ఒంటికి పట్టుకుని ఉన్నవి నాలుగే నాలుగు పెద్ద స్క్రూలు. మెడలోపల ఇనుప కడ్డీ. మెడ ముందుకు వంగితే దాన్ని బిగించి సరిచేసుకోవాలి. తీగల కింద, వాటి మోతను స్పీకరుకు పంపే అయస్కాంతాల పికప్. మెడ మీద వరసగా ఇత్తడి మెట్లు. వీటన్నిటినీ పాత గిటారులోంచే తీసి వాడదామనుకున్నారు. ఒంటికి వేప, మెడకు టేకు.

సాయంత్రాలు పని ముగిశాక ఇద్దరూ షెడ్డులోనే ఉండేవాళ్ళు. పాత తీగల్ని నీళ్ళలో ఉడకబెడితే పట్టిన జిడ్డు పోయి గొంతు మళ్ళీ వస్తుందని బాలప్ప చెబితే, హనుమంతరాయుడి భార్య జయంతి అన్నం గిన్నెలో తీగలు ఉడికించనని కాసేపు గొడవపడి, చివరికి ఒక సొట్ట గిన్నె ఇచ్చింది.

అంతా బాగానే జరుగుతుండగా రెండు సంగతులు ఒకేసారి వచ్చిపడ్డాయి. తాడిపత్రిలో బండల వ్యాపారి ఇంట్లో మే నెలలో పెళ్ళి, జయరామయ్య ఆర్కెస్ట్రాకు పిలుపు. ఆ పెళ్ళికి బెంగుళూరులో పెద్ద ట్రూపు నడిపే ఆయన చుట్టంగా వస్తున్నాడు, బేస్ వాయించేవాడి కోసం చూస్తున్నాడు. బాలప్ప కాళ్ళు నేల మీద నిలవలేదు. ఆ వారంలోనే, మెడ కోసం ఎంచి పెట్టిన, రెండేళ్ళుగా నీడన ఆరిన టేకు పలకను హనుమంతరాయుడు కోస్తే లోపల పుచ్చు బయటపడింది.

పెళ్ళికి ఇంక ఇరవై రోజులే ఉన్నాయి. ఆయన డిపోకు పోయి వేరే పలక తెచ్చాడు. తెస్తున్నప్పుడే చేతికి బరువు తెలిసింది. పగలంతా రేకుల మీద ఎండలో పెట్టాడు, పొద్దు పోయాక పొట్టు పొయ్యి పక్కన నిలబెట్టాడు. పదో రోజు దాన్ని చిత్రిక పడుతుంటే జయంతి వచ్చి నిలబడింది.

"ఇంకా పచ్చి వాసన కొడ్తాండాది."

"ఈ ఎండలకు ఆరక యాడికి పోతాది?"

"తలుపుకైతే వేస్తావా దీన్ని?"

ఆయన మళ్ళీ చిత్రిక తోశాడు. బాలప్ప మెడ మామూలు మెడ కాదు. వేళ్ళకు అందాలని బాగా సన్నగా చెక్కాలి. సన్నదానికి ఇంకా బాగా ఆరిన చెక్క కావాలి. ఆరు నెలలాగు, ఈ ఒక్క పెళ్ళికి పాతదాంతోనే కానిచ్చుకో అని ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పబోయాడు కూడా. కానీ రాయుడు చెప్పిన టైముకు చేయలేకపోయాడన్న మాట పుడుతుందని నోరు కట్టేసుకున్నాడు.

పెళ్ళికి మూడు రోజుల ముందు బాలప్ప కొత్త గిటారు అందుకున్నాడు. కలకత్తాదాని పికప్, మెట్లు కొత్తదానికే పోయాయిగానీ దాని గొంతు అతనికి కంఠతా ఉంది. కొత్తదాని తీగ మీటి, కళ్ళు మూసుకుని, అది ఆగిపోయేదాకా విన్నాడు.

"అది డబ్బా మీద కొట్టినట్టుండేదన్నా. ఇది చూడు, కడుపులో మోగుతాండాది."

మడత పడని వేలు మెడ పక్కన ఊరికే ఆనుకుని ఉంది. మిగిలిన మూడూ ఎక్కడికి కావాలంటే అక్కడికి పోతున్నాయి. హనుమంతరాయుడు సంతోషపడ్డాడు. ఆ నిమిషంలో పచ్చి వాసన సంగతి నిజంగానే మరిచిపోయాడు.

పెళ్ళినాడు ఆయన కూడా తాడిపత్రికి వెళ్ళాడు. మధ్యాహ్నం విందు వేళ పాట కచేరీ. షామియానా కింద ఎండ వేడికి తోడు వంటల పొగ. వ్యానులో డ్రమ్ములూ స్పీకర్లూ నిండిపోయి, గిటారు సంచిని పైన కట్టుకొచ్చారు. మొదటి రెండు పాటలు బాగా సాగాయి. ముందు వరసలో కూర్చున్న బెంగుళూరాయన ఒకసారి తల ఊపడం కూడా హనుమంతరాయుడు చూశాడు.

మూడో పాటలో తేడా వచ్చింది. లావు తీగ జరజరమని మెట్లకు తగులుకుంటోంది. బాలప్ప పాట మధ్యలోనే తీగలు సవరించాడు. పాట అయ్యాక చిన్న స్పానరుతో కడ్డీ బిగించాడు. ఒకవైపు సరైతే ఇంకోవైపు తీగలు వేలు దూరేంత పైకి లేచాయి. మెడ వంగడమే కాదు, మెలి తిరిగింది. మెలికి కడ్డీ ఏమీ చేయలేదు. నాలుగో పాటలో బేస్ ఒక దారి, పాట ఒక దారి. పాడుతున్న అమ్మాయి శ్రుతి తప్పి ఆగిపోయింది. భోంచేస్తున్నవాళ్ళలో ఎవరో ఈల వేశారు. జయరామయ్య స్టేజీ మీదికొచ్చి బాలప్ప గిటారు వైరు లాగేశాడు.

వంటశాల వెనక జయరామయ్య కేకలేస్తున్నప్పుడు హనుమంతరాయుడు అక్కడికి చేరాడు.

"నడి ఎండలో వ్యాను మీద కట్టుకొస్తావా? బుద్ధుండాదా? రాయుడూ, నువ్వు చెప్పప్పా. చెక్కదా తప్పు, వీనిదా?"

అందరూ ఆయన వైపు చూశారు. బాలప్ప కూడా చూశాడు.

"ఎండకు ఏ చెక్కయినా వంగుతాదన్నా," అన్నాడు హనుమంతరాయుడు.

బాలప్ప తల దించుకున్నాడు. "నాదే తప్పు. నేనే పైన కట్టినా." తర్వాత ఆయన దగ్గరికొచ్చి, చేతులు పట్టుకున్నంత పని చేశాడు. "నీ కష్టమంతా ఎండపాలు చేసినా రాయుడన్నా. ఏమనుకోవద్దు."

ఏమీ అనుకోలేదని హనుమంతరాయుడు తల ఊపాడు. అంతకంటే నీచమైన పని తన జన్మలో చేయలేదని ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

బెంగుళూరాయన మాట కూడా చెప్పకుండా వెళ్ళిపోయాడు. నెల తిరక్కుండానే జయరామయ్య ఆర్కెస్ట్రాలో వేరే మనిషిని పెట్టుకున్నాడు. పెళ్ళి చెడగొట్టినవాడని పేరు పడ్డాక మిగతా ట్రూపులూ బాలప్పను పిలవలేదు. అతను కళ్యాణదుర్గం పోయి షేరు ఆటో తోలుకుంటున్నాడని ఎవరో చెప్పారు.

హనుమంతరాయుడి పని మాత్రం పెరిగింది. తలుపు చేయించుకున్నవాళ్ళు పొగిడినప్పుడల్లా ఆయనకు అన్నం సయించేది కాదు. కొత్త టేకు కోసేటప్పుడు వాసన తగలకుండా ముక్కుకు తువ్వాలు చుట్టుకునేవాడు. జయంతి నాలుగేళ్ళపాటు ఏమీ అనలేదు. ఒకరోజు మాత్రం, చెయ్యి కడుక్కుంటున్న ఆయనకు నీళ్ళు పోస్తూ, "ఆ పిల్లోడు ఇంకా తనదే తప్పనుకుంటాంటాడు," అంది. అంతే.

ఆ వారమే పాత ఊళ్ళో కూల్చిన మిద్దె దూలం ఒకటి కొన్నాడు. డెబ్బై ఏళ్ళ టేకు. తడితే కంచులా పలికింది. దాంట్లోంచి, దారంతో తీసుకున్న పాత కొలతకే, ఇంకో మెడ చెక్కాడు. చెక్కి వెంటనే వాడలేదు. షెడ్డు గోడకు వేలాడదీసి రెండు ఎండాకాలాలు చూశాడు. నెలకోసారి మెడ పొడుగునా దారం లాగి పట్టి, కింద సందు పెరిగిందేమో కొలిచాడు. వెంట్రుకవాసి కూడా కదల్లేదు. అప్పుడు దానికి ఒళ్ళు చేసి, బెంగుళూరు నుంచి పికప్, మెట్లు, కడ్డీ, తీగలు తెప్పించి బిగించాడు.

2006 మార్చిలో దాన్ని దుప్పట్లో చుట్టుకుని కళ్యాణదుర్గం బస్సెక్కాడు.

బాలప్ప ఇల్లు బస్టాండు వెనక. ఆటో తుడుస్తున్నవాడు ఆయన్ను చూసి, "రాయుడన్నా! ఎన్నాళ్ళకు!" అని ఎదురొచ్చాడు. లోపల గోడకు తాను చేసిన పాత గిటారు వేలాడుతోంది. మెడ మెలి అలాగే ఉంది. దుమ్ము మాత్రం లేదు. తీగలకు నూనె గుడ్డ పెట్టి తుడుస్తున్నట్టు తెలుస్తోంది.

ఆయన మంచినీళ్ళు కూడా ముట్టుకోకుండా చెప్పేశాడు.

"ఆ పొద్దు తప్పు నీది కాదు బాలప్పా. ఆ మెడ పచ్చి చెక్క. నాకు తెలుసు. తెలిసే వేసినా. తెలిసే అబద్ధం చెప్పినా."

బాలప్ప చేతిలోని తుడుపు గుడ్డను మడిచి కింద పెట్టాడు. తలెత్తినప్పుడు అతని కళ్ళలో నీళ్ళు లేవు.

"ఏడేండ్లు. వాన పడినా, ఎండ కాసినా, పైన కట్టకుండా ఉండింటే అనుకుంటానే ఉన్నా. నువ్వు అప్పుడే చెప్పింటే నేను యాడుండేవాన్నో." దుప్పటి మూట వైపు చూపు కూడా తిప్పలేదు. "నాకు చెప్పినావు సరే. ఎవరి ముందర అబద్ధమాడినావో వాని ముందర చెప్పు. పద."

ఆ మధ్యాహ్నమే ఇద్దరూ అనంతపురం బస్సులో, ఒకే సీట్లో వచ్చారు.

జయరామయ్య అంగట్లో బట్ట కొలుస్తున్నాడు. హనుమంతరాయుడు గిరాకీల ముందే జరిగినదంతా చెప్పాడు. జయరామయ్య గజం బద్ద పక్కన పెట్టి, ఎవరి సంగతో గుర్తు తెచ్చుకుంటున్నట్టు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"ఓ, తాడిపత్రి పెండ్లిదా? పాత కతలు ఇప్పుడేంటికప్పా! మేము బేస్ మనిషిని మానిపించి మూడేండ్లాయె. మా కీబోర్డు కార్తికేయ బేస్ కూడా ఎడమ చేత్తోనే వాయించేస్తాడు. కూచోండి, కాఫీ చెప్తా."

బాలప్ప కూచోలేదు. అంగడి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. హనుమంతరాయుడు వెనక పరుగెత్తి పిలిచినా ఆగలేదు. ఆ నడక చూస్తుంటే, తాడిపత్రిలో పోగొట్టుకున్నది అతనికి ఇవాళ రెండోసారి పోయిందనిపించింది. దుప్పటి మూట కళ్యాణదుర్గంలోనే ఉండిపోయిందన్న సంగతి ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.

రెండు నెలలు ఏ మాటా లేదు. మే నెలాఖర్లో కళ్యాణదుర్గం బస్సు కండక్టరు షెడ్డు ముందు ఆగి, "బాలప్ప రమ్మన్నాడు. స్క్రూడ్రైవరు తెచ్చుకోమన్నాడు," అని చెప్పిపోయాడు.

వెళ్ళేసరికి రెండు గిటార్లూ మంచం మీద పక్కపక్కన పడుకోబెట్టి ఉన్నాయి. బాలప్ప పలకరింపు లేకుండా పనిలోకి దిగాడు. ముందు కొత్తది మీటాడు. తీగ ఏ మెట్టు మీదైనా శుభ్రంగా పలికింది. తర్వాత పాతది తీసుకుని, మెడతో పని లేకుండా తీగను ఊరికే మీటాడు. హనుమంతరాయుడికి తేడా తెలిసింది. కొత్తదాని గొంతు బిగదీసుకున్నట్టుంది. ఏడేళ్ళు గోడకుండి ఆరిన వేప ఒళ్ళు అప్పటికంటే లోతుగా మోగుతోంది.

"నీ కొత్త మెడ మంచిది మేస్త్రీ. ఒళ్ళు పాతదే మంచిది," అన్నాడు బాలప్ప. "మెడ మార్చు."

అన్నా అని పిలవలేదు. హనుమంతరాయుడు గమనించి, స్క్రూడ్రైవరు తీశాడు.

స్క్రూల కంతలు కలవలేదు. పాతవాటిలో చెక్క మేకులు దిగగొట్టి, జిగురు ఆరేదాకా వేపచెట్టు కింద ఆటోలో కూర్చున్నాడు. మళ్ళీ కంతలు వేసి, మెడ బిగించి, తీగలెక్కించి, కడ్డీని పావు తిప్పు తిప్పాడు. బాలప్ప గిటారు ఒళ్ళో పెట్టుకుని ఒక పాట కింద నడిచే బేస్‌ను మొదటి నుంచి చివరి దాకా వాయించాడు. పాడేవాళ్ళు లేరు. మూడు వేళ్ళు ఇప్పటికీ తడబడలేదు. మధ్యలో ఒకచోట ఆగి, మరిచిపోయినదాన్ని వెతుక్కుని, మళ్ళీ అందుకున్నాడు.

"మళ్ళీ యాడైనా వాయిస్తావా?" అడిగాడు హనుమంతరాయుడు.

"ఎవురు పిలుస్తారు ఇప్పుడు?" అన్నాడు బాలప్ప. కోపంగా అనలేదు. "ఇంట్లో వాయించుకుంటా. ఏటా ఎండాకాలం ముందర వచ్చి కడ్డీ చూసిపో. నాకు అది సరిగ్గా చేతకాదు."

హనుమంతరాయుడు బస్సు టైము చూసుకుని లేచాడు. బాలప్ప బస్టాండు దాకా రాలేదు.

ఇంటికొచ్చేసరికి జయంతి గుమ్మంలోనే ఉంది.

"ఏమన్నాడు?"

"మెడ బాగుండాదన్నాడు."

"ఇంకేమీ అనలేదా?"

"ఎండాకాలం ముందర రమ్మన్నాడు," అని చెప్పి ఆయన చేతిసంచి కింద పెట్టి, కాళ్ళు కడుక్కోవడానికి వెనక్కి వెళ్ళాడు.