చెంప మీద కాదు, చెవి మీద

పదిహేనేళ్ళుగా నా కుడి అరచేతిలో ఒక బరువు ఉంది. ఆ చేత్తోనే రోగులకు మందు పోస్తాను. ఆదివారం సంఘంలో ఆ చెయ్యే చాపి రొట్టె అందుకుంటాను. ఎవరికీ కనిపించదు. నా పేరు అడగకండి. పేరు చెబితే, తాండూరులో నన్ను అక్కా అని పిలిచేవాళ్ళు వెంటనే నన్ను వెనకేసుకొస్తారు. చిన్నతనంలో తెలియక చేసి ఉంటావంటారు. తెలిసే చేశాను. మీరు వింటే చాలు.

నేను ఉపదేశి కూతురిని. మా నాన్న వికారాబాద్ చుట్టుపక్కల పల్లెలు తిరిగి వాక్యం చెప్పేవాడు. అక్షరాలు రాకముందే నాకు ఆజ్ఞలు కంఠస్థం. ఉపదేశి బిడ్డ అబద్ధమాడదని సంఘంలో అందరికీ నమ్మకం. అది నేను సంపాదించుకున్నది కాదు. ఎండలో నడిచి నడిచి మా నాన్న సంపాదించినది.

రజాకార్ల గొడవలు సద్దుమణిగిన కొన్నేళ్ళకు, వికారాబాద్‌లో మా మిషన్ బడి నడిపే దొరసానమ్మ పిల్లలకు సాయంత్రం క్లాసు పెట్టించింది. బడి వదిలాక ప్రార్థన గుడి వరండాలో చాపలు పరిచేవాళ్ళం. ఆరో తరగతి, ఏడో తరగతి పిల్లలం. గొర్లు కాసేవాళ్ళ పిల్లలు, కూలికి పోయేవాళ్ళ పిల్లలు పట్నంలో హైస్కూలుకు, ఆపైన కాలేజీకి, ఉద్యోగాలకు తయారు కావాలని ఆమె కోరిక. మాస్టరు బోర్డు మీద రాసేవాడు: నర్సు, టీచరు, కంపౌండరు, రైల్వే గుమాస్తా. మా ఇళ్ళలో ఎవరి నోటా రాని మాటలవి. ఏడో తరగతి అయ్యాక పట్నంలోని బోర్డింగు ఏటా మాలో ఒక ఆడపిల్లను తీసుకునేది. హైస్కూలు చదివించి నర్సు ట్రైనింగుకు పంపేది. ఆ ఒక్క సీటు కోసమే మేము ఆ చాపల మీద కూర్చునేవాళ్ళం.

పిల్లల్ని కొట్టవద్దని దొరసానమ్మ గట్టిగా చెప్పింది. మాస్టరు కొట్టలేదు. మాతో కొట్టించాడు. ప్రశ్నకు జవాబు చెప్పినవాళ్ళు, చెప్పలేనివాళ్ళ ముక్కు ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో చెంప మీద కొట్టాలి. మీ బళ్ళో కూడా ఇది ఉండే ఉంటుంది. మెల్లగా కొడితే మాత్రం ఆయన లేచి వచ్చేవాడు. "గిది దెబ్బనా, ఈగను తోలుతున్నవా? సూడు, గిట్ల కొట్టాలె" అని కొట్టినవాళ్ళ చెంప పగలగొట్టి చూపించేవాడు. అందుకని అందరం గట్టిగా కొట్టడం నేర్చుకున్నాం. సాయంత్రమయ్యేసరికి వరండాలో ఎర్రబడని చెంప ఉండేది కాదు. ఆ చెంపలతోనే నిలబడి ప్రార్థన చేసి ఇళ్ళకు పోయేవాళ్ళం. నాకది అసహ్యమనిపించిందా? లేదు. ముందు భయమేసింది, తర్వాత బాగుంది. ఒక మనిషి ముక్కు నా వేళ్ళ మధ్య ఉండగా, ఆ కళ్ళు రెప్ప వెయ్యకుండా నా చేతినే చూస్తుంటే, లోపల ఏదో వెచ్చగా ఉండేది. ఆ మాట ఏ ప్రార్థనలోనూ చెప్పలేదు.

రత్నమ్మ ఒక్కతే నేర్చుకోలేదు. ధారూర్ అవతలి పల్లె నుంచి వచ్చి బడి హాస్టల్లో ఉండేది. తండ్రి మల్లప్ప గొర్లు కాసేవాడు. మా నాన్న చేతుల మీదుగానే బాప్తిస్మం తీసుకున్నాడు. కల్లు మాత్రం మానలేదని సంఘంలో గొణుక్కునేవారు. రత్నమ్మ మాలో అందరికంటే తెలివైనది, అందుకని అందరికంటే ఎక్కువసార్లు కొట్టవలసి వచ్చేది. వేళ్ళ చివర్లతో తాకించేది. "నీ ముక్కు జారుతుందే, చెయ్యి ఆగుతలేదు" అని నా చెవిలో నవ్వేది. అలా కొట్టినందుకు మాస్టరు చేత తాను దెబ్బలు తినేది. నా మీద జాలిపడి ఆమె తిన్న ప్రతి దెబ్బా నన్ను మండించింది. ఎందుకో ఇప్పటికీ పూర్తిగా అర్థం కాదు. ఆమె నన్ను గట్టిగా కొట్టి ఉంటే బహుశా స్నేహితులమయ్యేవాళ్ళం.

ఒక శుక్రవారం మాస్టరు, సీటుకు పిల్లను ఎంచడానికి పట్నం నుంచి వచ్చే దొరసానిలా కుర్చీలో కూర్చుని, నర్సువి ఎందుకు కావాలనుకుంటున్నావని ఇంగ్లీషులో అడిగాడు. రత్నమ్మ తడబడింది. నేను చెప్పాను. "కొట్టు" అన్నాడు.

ఇక్కడ నెమ్మదిగా రాయాలి. రత్నమ్మ ముక్కు పట్టుకున్నాను. ఆమె నవ్వుతోంది. అరచేతిని గుల్లగా చేశాను. హాస్టల్లో పెద్ద పిల్లలు కొట్టుకునేటప్పుడు చూశాను, అలా చెవి మీద కొడితే ఎంతటివాళ్ళయినా కూలబడతారని. చేతిని చెంప నుంచి కాస్త వెనక్కి జరిపాను. మాస్టరు చెప్పింది చెంప. చెవిని ఎంచుకున్నది నేను. కొట్టాను. గోనె సంచి చిరిగినట్టు చప్పుడైంది. రత్నమ్మ కేక కూడా పెట్టలేదు. చాప మీద కూర్చుండిపోయి, తల ఒక పక్కకు వంచి, ఎవరో దూరం నుంచి పిలుస్తున్నట్టు వింటూ ఉండిపోయింది.

మర్నాడు మల్లప్ప వచ్చి, నెలకోసారి తీసుకెళ్ళినట్టే, బిడ్డను రైల్లో ఊరికి తీసుకెళ్ళాడు. సోమవారం ఆమెను భుజాన వేసుకుని దవాఖానాకు తెచ్చాడు. ఒళ్ళు కాలిపోతోంది. చెవి నుంచి రక్తం, చీము. బలమైన దెబ్బ తగిలి కర్ణభేరి చినిగిందని, ఆ చెవికి ఇక వినబడదని డాక్టరు చెప్పాడు.

ఆ సాయంత్రం దొరసానమ్మ, సంఘ పెద్దలు గుళ్ళో కూర్చున్నారు. ఇక్కడ ఎవరూ కొట్టలేదని మాస్టరు ప్రమాణం చేశాడు. ఆయన ఉద్యోగం ఆయనకు కావాలి. మిగతా పిల్లల్ని ఎవరూ పిలిచి అడగలేదు. రత్నమ్మ జ్వరంతో మంచం మీద ఉంది. మల్లప్ప ఒక్కడే గొంగడి చంకన పెట్టుకుని నిలబడి, నా బిడ్డ నీ పేరే చెప్పిందని నా వైపు చూపించాడు. అందరూ నా వైపు తిరిగారు. మా నాన్న కూడా.

శనివారం నాన్నను తాండూరు బండి ఎక్కించడానికి నేను స్టేషన్‌కు వెళ్ళాను. అది నిజం. ఆ బండి కదిలాక, ధారూర్‌లో ఆగే పాసింజరు కోసం వాళ్ళిద్దరూ అక్కడ కూర్చుని ఉండడం చూశాను. అదీ నిజం. ఆ రెండు నిజాల పక్కన మూడోదాన్ని పెట్టాను. "టేసన్ల ఈయనే కొట్టిండు" అన్నాను.

మల్లప్ప కోప్పడలేదు. నా దగ్గరికి వచ్చాడు.

"నువ్వు జూసినవా బిడ్డా?"

"చూసిన."

"నా మొకం జూసి చెప్పు."

"చూసిన పెద్దయ్యా. తాగి ఉన్నవ్. చెవు మీద కొట్టినవ్."

"నా బిడ్డ మీద నేను ఎన్నడు చెయ్యి లేపలేదమ్మా."

ఒక పెద్దమనిషి నవ్వాడు. "తాగినోనికి యాదుంటదా ఏంది? పొద్దుగాల లేస్తే పెండ్లాం పేరే యాదుండదు."

"ఉపదేశి బిడ్డ మీద నింద ఏస్తవా?" అని ఇంకొకాయన లేచాడు.

మొదటి దెబ్బ మా నాన్నది. ఇది రాయడం నాకు అన్నిటికంటే కష్టంగా ఉంది. జీవితమంతా శాంతి గురించి చెప్పిన మనిషి, తాను బాప్తిస్మమిచ్చిన మనిషి మూతి మీద కొట్టాడు. నా కోసం కొట్టాడు. దొరసానమ్మ వద్దని అరిచింది, కానీ అప్పటికే సంఘం పడుచువాళ్ళు మల్లప్పను ప్రహరీ వెనక్కి ఈడ్చుకెళ్ళారు. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. బెల్టుతో కొట్టారు. కింద పడితే కడుపులో తన్నారు. ఒకడు చెప్పు తీసి, బిడ్డను కొట్టిన చెయ్యి ఇదేనా అంటూ అతని కుడిచేతి వేళ్ళను రాయి మీద పెట్టి తొక్కాడు. అతను రెండు పళ్ళు ఉమ్మేశాడు. నేను కొట్టలేదు అని మాత్రం అంటూనే ఉన్నాడు, గొంతు ఉన్నంతసేపూ.

ఆపమని ఒక్క మాట అంటే ఆగేది. ఆ మాట నా దగ్గరే ఉంది. నోరు తెరిచానా? తెరిచానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. తెరవలేదు.

జ్వరం తగ్గకముందే అతను కూతుర్ని తీసుకుని వెళ్ళిపోయాడు. సంఘం అతని పేరు కొట్టేసింది. ఆ ఏడు సీటు నాకు వచ్చింది. దేవుడు నన్ను ఎలా లేవనెత్తాడో ఎన్నోసార్లు సంఘాల్లో నిలబడి చెప్పాను. విన్నవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకున్నారు. మా నాన్న పోయేటప్పుడు నా చెయ్యి పట్టుకునే పోయాడు. తాను న్యాయం కోసమే కొట్టానన్న నమ్మకంతో పోయాడు. చెప్పాలనుకున్నాను. పోయే మనిషికి ఆ బరువు ఎందుకని ఊరుకున్నాను. అది ప్రేమా, పిరికితనమా? రెండిటికీ ఒకే ముఖం ఉంటే నేనేం చెయ్యను?

పోయిన ఏడాది తాండూరులో బండల మిషన్ల పక్కనుంచి నడుస్తుంటే రత్నమ్మ కనిపించింది. తల మీద బండ, నడుముకు కట్టిన గుడ్డలో పసిబిడ్డ, ఒంటినిండా తెల్లటి దుమ్ము. రాళ్ళు కోసే చప్పుడు కాసేపు ఆగింది. నేను పిలిచాను. ఆమె తిరగలేదు. నేను ఏ పక్కన నిలబడి పిలిచానో నాకు తెలుసు. రెండడుగులు వేసి అవతలి పక్కకు వెళితే సరిపోయేది. వెళ్ళలేదు. పిలిచాను కదా, వినలేదు కదా అనుకుంటూ దాదాపు పరుగులాంటి నడకతో ఇంటికి వచ్చేశాను. కొన్నాళ్ళకు తిరిగి వెళితే ఆమె అక్కడ లేదు. పని మానేసి దౌల్తాబాద్ వైపు వెళ్ళిందని తోటి కూలీలు అన్నారు. మల్లప్ప ఎప్పుడో పోయాడని కూడా వాళ్ళే చెప్పారు. ఆ కుడిచేతి వేళ్ళు చివరిదాకా ముడుచుకోలేదట.

క్షమాపణ ఉందని రోజూ రోగులకు చెబుతాను. నమ్మే చెబుతాను. కానీ దీన్ని దేవుడి దగ్గరికి తీసుకెళ్ళడం నాకు దొంగదారిలా కనిపిస్తోంది. పగిలింది ఆయన చెవి కాదు. రాలింది ఆయన పళ్ళు కాదు. వాళ్ళను అడక్కుండా ఆయనను అడిగి తెచ్చుకున్న క్షమాపణతో నేనేం చేసుకోను?

అందుకే మీకు చెబుతున్నాను. రత్నమ్మ చెవి మీద కొట్టింది నేను. కావాలనే కొట్టాను. మల్లప్ప తన బిడ్డ మీద చెయ్యి చేసుకోవడం నేను చూడలేదు. ఎవరూ చూడలేదు. అతను కొట్టలేదు.

ఇంత చిన్న మాటలని తెలియదు. రాసేశాను. ఊపిరి కాస్త లోపలిదాకా పోతోంది.