మూడో వన్స్‌మోర్

నా గొంతు గురించి ముందే చెప్పాలి. ముప్పై రెండేళ్లు బస్సు కండక్టరుగా పనిచేశాను. కర్నూలు నుంచి జమ్మలమడుగు దాకా దారిలో ఉన్న ప్రతి ఊరికీ నా గొంతు తెలుసు. వెనక మెట్టు మీద నిలబడి "రైట్" అంటే పక్క బస్సు కదిలిన రోజులు కూడా ఉన్నాయి. అంత గొంతు ఇచ్చిన దేవుడు అందులో రాగం వేయడం మరిచిపోయాడు. కోడుమూరు దగ్గర మా ఊరి చర్చిలో పాటలు పాడించేది మా ఆవిడ ప్రేమజ్యోతి. పెళ్లయిన మొదటి క్రిస్మస్‌కే ఆమె నన్ను పక్కకు పిలిచి, "నువ్వు పెదాలు ఆడించు, సాలు. సప్పుడు సంగతి మేము సూసుకుంటాం" అంది. అప్పటినుంచి ప్రతి ఆదివారం ఆ పనే చేస్తున్నాను. కొత్తగా వచ్చిన పాస్టరుగారు ఒకసారి అందరి ముందూ, "యేసుప్రసాద్‌గారిలా లీనమై పాడాలి" అన్నారు. ప్రేమజ్యోతి నా వైపు చూడకుండా పాటల పుస్తకంలో పేజీలు తిప్పింది.

నాకు నాటకాల పిచ్చి అంటించినవాడు మా బస్సు డ్రైవరు ఉరుకుందప్ప. బనగానపల్లె దాటాక రోడ్డు ఖాళీగా ఉంటే ఆలాపన మొదలుపెట్టి కోవెలకుంట్ల దాకా సాగదీసేవాడు. ఓ సెలవు రోజున నన్ను పద్య నాటకానికి లాక్కుపోయాడు. హార్మోనియం మోగింది. కిరీటం పెట్టుకున్న మనిషి చెయ్యి పైకెత్తి పద్యం అందుకున్నాడు. చివర రాగం సన్నగా పైకి పోతూ ఉంటే నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. పద్యం అయిపోగానే జనం "వన్స్‌మోర్" అని అరిచారు. ఆయన దండం పెట్టి మళ్లీ మొదటినుంచి పాడాడు.

అరిస్తే పాట వస్తుందని నాకు ఆ రోజే తెలిసింది. రాగం అక్కర్లేదు, గొంతుంటే చాలు. నన్ను చూసే ఎవరో ఈ పద్ధతి కనిపెట్టారనిపించింది.

తర్వాత పాతికేళ్లలో ఇటు కర్నూలు, అటు కడప జిల్లాల్లో నేను చూడని నాటకం తక్కువ. రాగాల పేర్లు కూడా నేర్చుకున్నాను. తెలిసినవి మూడే కాబట్టి వంతులవారీగా వాడేవాణ్ని. పక్కవాళ్లు అడగకపోయినా తల ఊపుతూ "మోహన" అనేవాణ్ని. ఉరుకుందప్ప "కాదప్పా" అనేవాడు. అయితే కల్యాణి అనేవాణ్ని.

మొన్న ఫిబ్రవరిలో కర్నూల్లో ఓ కళాసమితి వాళ్లు పద్య నాటకాల పోటీలు పెట్టారు. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి జమ్మలమడుగు బృందం నాటకం. గండికోటను ఏలిన ఓ రాజు కథ, వాళ్లే అల్లుకుని ఏడాదిగా ఆడుతున్నారు. నేను అప్పటికే నాలుగుసార్లు చూశాను. రాజు వేషం బొజ్జన్నది. ఆయనకు ఊళ్లో వెల్డింగు షాపు ఉంది. ఎంత పట్టుబట్టలు కట్టినా ముంజేతుల మీద నిప్పురవ్వల మచ్చలు మూడో వరుసలోకి కనిపిస్తాయి. ఆ మూడో వరుసలో నేనూ ఉరుకుందప్పా గంట ముందే కూర్చున్నాం.

రెండో రంగంలో శత్రువుల దూత వచ్చి కోట అప్పగించమంటాడు. బొజ్జన్న సింహాసనం మీంచి లేవకుండానే, మెల్లగా, నవ్వుతూ పద్యం ఎత్తుకున్నాడు. పోనుపోను గొంతు పెరిగి పైకప్పును తాకింది. మొదటి వన్స్‌మోర్ హాలంతా అరిచింది. రెండోది సగం హాలు అరిచింది. మూడోది నేనొక్కడినే.

హార్మోనియం వాయించే ఆయన వద్దన్నట్టు తల ఊపాడు. బొజ్జన్న నా వైపు చూశాడు. అడిగినవాణ్ని కాదనలేని మనిషిలా ఉన్నాడు, మళ్లీ ఎత్తుకున్నాడు. పైకి పోయే చోట గొంతు టక్కున తెగింది. ఆ తర్వాత వచ్చింది రాగం కాదు, గాలి. గబగబా తెర వేశారు.

"సంపితివి గదప్పా రాజును," అన్నాడు ఉరుకుందప్ప. "యుద్ధమన్నా కాలేదు ఇంకా."

నేను బయట టీ బంకుకు పరిగెత్తి మిరియాలు వేసిన వేడినీళ్లు పట్టుకుని తెర వెనక్కి పోయాను. బొజ్జన్న ఇనప పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. కిరీటం ఒళ్లో ఉంది.

"మూడో తూరి అరిసింది నువ్వేనా?" అని గుసగుసగా అడిగాడు.

"నేనేనప్పా. తప్పయిపోయినాది."

ఆయన నీళ్లు మెల్లగా తాగాడు. "కడాకు కూతురిని సాగనంపే పద్యం ఉండాది. దానికి నా కాడ గొంతు లేదు. ఎట్లో ఒకట్ల నేను నెట్టుకొస్తా. నువ్వు మాత్రం నోరు తెరవాకు."

"తెరవనప్పా."

"తెరిస్తే నేనే దిగొస్తా," అన్నాడు పక్కనే నిలబడ్డ హార్మోనియం ఆయన.

చివరి రంగంలో రాజు కోట వదులుకోవడానికి సిద్ధపడి, కూతురిని పెన్న లోయలోకి దిగే దొంగదారిన పంపేస్తాడు. కూతురి వేషం స్వర్ణలత అనే అమ్మాయిది. బొజ్జన్న ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. పద్యం పాడలేదు, చెప్పాడు. ఒక్కో మాటా ఆగి ఆగి, బిడ్డకు దారి చెప్పే తండ్రి చెప్పినట్టు చెప్పాడు. ఎక్కడ రాయి జారుతుందో, ఎక్కడ వంగి నడవాలో, వెనక్కి తిరిగి కోటను ఎందుకు చూడకూడదో. హార్మోనియం అడుగున సన్నగా మోగుతూ ఉంది.

నాలుగుసార్లు చూసినా ఈ మాటలు నాకు తెలియవు. ప్రతిసారీ చివరి రాగం ఎప్పుడు వస్తుందా, ఎప్పుడు అరుద్దామా అని ఊపిరి బిగబట్టుకుని కూర్చునేవాణ్ని. పద్యంలో మాటలుంటాయని అరవై ఒకటో ఏట తెలిసింది. తువ్వాలు నోట్లో కుక్కుకున్నాను. మొదట అరవకుండా ఉండటానికే కుక్కుకున్నాను గానీ, తర్వాత దాని పని వేరైంది. ఉరుకుందప్ప నా మొహం చూసి మంచినీళ్ల సీసా చేతిలో పెట్టాడు. పద్యం అయ్యాక హాల్లో ఎవరూ అరవలేదు. చప్పట్లే కొట్టారు.

నాటకం ఇచ్చిన టైము కంటే పదకొండు నిమిషాలు ఎక్కువైందని మార్కులు కోశారు, మొదటి బహుమతి పోయింది. ఆ పదకొండులో నా వాటా ఎంతో లెక్క వేయడానికి నాకు మనసొప్పలేదు. ఉత్తమ నటుడి బహుమతి మాత్రం బొజ్జన్నకే వచ్చింది. న్యాయనిర్ణేత ఒకాయన మైకు పట్టుకుని, పద్యాన్ని పాడకుండా పలికించిన ఈ ప్రయోగం సాహసమని చాలాసేపు పొగిడాడు. బొజ్జన్న వేదిక మీంచి నన్ను చూశాడు. నేను వంగి చెప్పులు వెతుక్కున్నాను.

ఇంటికి పోయి ప్రేమజ్యోతికి అంతా చెప్పాను. తిడుతుందనుకుంటే, "ఆ పద్యమేందో నేనూ ఇనాల," అంది. మార్చిలో జమ్మలమడుగులో మళ్లీ ఆడుతున్నారని తెలిసి ఇద్దరం పోయాం. బొజ్జన్న గొంతు బాగైంది, ఈసారి పద్యం పాడాడు. పాటలంటే తప్పులు పట్టే మనిషి, ప్రేమజ్యోతి కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ కూర్చుంది.

తిరుగు బస్సులో ఆమె ఆ పద్యాన్ని సన్నగా కూనిరాగం తీసింది. సగంలో ఆగి, "ఆడ మాటేమొస్తాదయ్యా?" అని అడిగింది. నేను మెల్లగా, ఆమెకు మాత్రమే వినపడేటట్టు చెప్పాను. ఆమె ఆ మాటను రాగంలో పెట్టి చూసుకుని, తర్వాతిది చెప్పమంది. కోవెలకుంట్ల వచ్చేసరికి నాలుగు పాదాలూ కుదిరాయి.