బ్రేకులకు కొబ్బరినూనె

మా పాప బాప్తిస్మానికని బయలెల్లిన కారు, చర్చికి పోకుండ బీడీలు చుట్టే తునికాకు కల్లంల ఎట్ల దూరిందో చెప్తా. కడుపుబ్బ నవ్వుకోండి, నాకేం బాధ లేదు. మా అత్తమ్మ ఈ ముచ్చట పెనుబల్లి మండలమంతా ఎప్పుడో పంచిపెట్టింది. నా దగ్గర దాచుకునేటందుకు పరువు అనే సామాను ఏం మిగల్లేదు.

నేను మణుగూరుల బొగ్గుగని ఆఫీసు గుమాస్తాను. ఇంటంత డంపర్లు తిరిగే జాగల నేను తిప్పేది పెన్ను ఒక్కటే. అయినా పదేండ్ల సంది ఆ డంపర్ల సప్పుడు వింటున్నోణ్ణి, మిషన్ల సంగతి నాకు తెల్వదా అని ఓ ధీమా. చర్చి పక్కన ఇల్లున్నోడల్లా పాస్టరు కాడని అప్పటికి నాకెవరూ చెప్పలే.

మాది పాత కారు. బ్రేకు తొక్కితే పిల్లి నోట్ల పడ్డ కోడి లెక్క అరిచేది. మెకానిక్ యాకూబ్ భాయ్ ముందు చక్రాలు చూసి, "అన్నా, డిస్కులు అరిగినయ్. మార్చాలె" అన్నడు.

తెల్వనోళ్లకు చెప్తున్న: డిస్కంటే చక్రం లోపల తిరిగే ఇనుప పళ్లెం. బ్రేకు తొక్కితే రెండు ప్యాడ్లు దాన్ని రెండు దిక్కుల నుంచి గట్టిగ పట్టుకుంటయ్. అప్పుడు బండి ఆగుతది. ఇప్పుడు ఇంత బాగ చెప్తున్ననా, ఆ రోజు ఇందుల సగం తెలిసినా ఈ కథ ఉండకపోవు.

"నాలుగు నట్లు విప్పుడు, నాలుగు నట్లు బిగించుడు. గింత పనికి నువ్వెందుకు భాయ్?" అన్న.

"అన్నా, బ్రేకుతోని పరాచకాలొద్దు."

నేను వింటనా? డిస్కులు, ప్యాడ్లు కొనుక్కొని ఇంటికొచ్చిన.

శనివారం మధ్యాహ్నం. తెల్లారితే ఆదివారం, మా అత్తగారూరు పెనుబల్లి చర్చిల మా పాప బాప్తిస్మం. మమ్మల్ని తీసుకపోనీకి మా అత్తమ్మ ముందే వచ్చింది. పాప అప్పుడే పండుకున్నది. లేస్తదేమోనని ఫోన్ల సౌండు బందు పెట్టి, డిస్కులు మార్చే వీడియో చూసిన. ఈ ముక్క యాదిల పెట్టుకోండి, నా కొంప ముంచింది గిదే.

ముందుగాల కారును జాకీ మీద లేపి, పానా పట్టి నట్టు తిప్పిన. నట్టుతోపాటు చక్రం గూడ తిరిగింది. మళ్ల తిప్పిన, మళ్ల తిరిగింది. గానుగెద్దు తిరిగినట్టు నేను, చక్రం అట్లనే తిరుగుతున్నం. మా సుజాత గడపల నిలబడి చూస్తున్నది.

"ఏందయ్యా, నట్టు విప్పుతున్నవా, చక్రాన్ని ఆడిస్తున్నవా?"

"కొంచెం బిగుసుకుంది."

"కిందికి దించి నట్లు వదులు చెయ్యి. ఆ తర్వాత లేపు. చక్రం నేల మీద ఉంటే తిరగదు గద!"

నాకూ అదే ఆలోచన వచ్చిందన్నట్టు తల ఊపిన. పిచ్చోని చేతిల రాయి అంటరు గని, తెలివైనోణ్ణని అనుకునేటోని చేతిల పానా అంతకన్న ప్రమాదం.

పాత డిస్కు తుప్పు పట్టి ఊడనంటది. సుత్తె తీసుకొని దంచిన. ఏ పాప కోసమైతే ఫోను నోరు మూసిన్నో, ఆ పాప నాలుగో దెబ్బకే లేచి కాలనీ అంతా వినబడేటట్టు ఏడ్చింది.

ఎట్లనో కొత్త డిస్కులు ఎక్కించిన. వీడియోల మనిషి డిస్కు మీద డబ్బాతోని ఏదో కొట్టి గుడ్డతోని తుడిచిండు. నాకు సౌండు లేదు. అది మురికి పోగొట్టే మందని వాడు చెప్పే ఉంటడు. నేనైతే నా బుర్ర వాడిన. కీచుమనే తలుపుకు ఏం పోస్తం? నూనె. కీచుమనే బ్రేకుకు? నూనెనే! సుజాత తలకు రాసుకునే కొబ్బరినూనె సీసా నేనే తెచ్చి డిస్కులకు రెండు దిక్కుల పట్టించిన. పాపం ప్యాడ్లకెందుకు తక్కువ చేయాలని వాటికీ రాసిన.

ఇంటి ముందర సదునుగ ఉన్న జాగల కారును రెండడుగులు ముందుకు, రెండడుగులు వెనక్కి నడిపిన. కీచుమనలే. మీసం దువ్విన.

"విన్నవా? సప్పుడే లేదు!"

"సప్పుడు లేదు సరే, ఆగుతదా?" అన్నది సుజాత.

"ఆగకేం?" అన్న.

పొద్దున్నే బయలెల్లినం. వెనక సుజాత, ఒళ్లో తెల్లగౌను తొడిగిన పాప. అత్తమ్మకు వెనక కూసుంటే వాంతులొస్తయ్, అందుకని ముందు నా పక్కన. కాలనీ దాటినంక అడవి నడుమ రోడ్డు సన్నగ దిగుతది. దిగువన ఓ మలుపు. మలుపు పక్కనే మైదానంల తునికాకు కల్లం. ఎండకు పరిచిన ఆకు కట్టలు వరుసలు వరుసలుగ, వాటిని తిరగేసే ఆడోళ్లు.

మలుపు కాడ బ్రేకు తొక్కిన. కారు సంత నుంచి ఇంటికి మళ్లిన ఎద్దు లెక్క పోతనే ఉంది.

"కాస్త నిమ్మళంగా పోనీ అల్లుడూ," అన్నది అత్తమ్మ.

"నిమ్మళంగనే పోనిస్తున్న అత్తమ్మా."

"ఇదా నిమ్మళం! బ్రేకు తొక్కు బాబూ!"

"తొక్కుతున్న!"

"ఇంకా గట్టిగా తొక్కు!"

"ఇంకెక్కడికి తొక్కాలె!"

"హారన్ కొట్టు!" అని వెనక నుంచి సుజాత.

హారన్ ఒక్కటే నా మాట విన్నది. ఆడోళ్లు చీరె చెంగులు పట్టుకొని పక్కకు ఉరికిన్రు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమన్నరు పెద్దలు. బ్రేకు జారితే ఏం చేయాల్నో చెప్పి పోలే. రోడ్డు మలిగింది, కారు మలగలే. తిన్నగ కల్లంలకు దిగింది.

నాకు గేరు యాదికి రాలే, హ్యాండ్ బ్రేకు యాదికి రాలే. పాప ఒక్కతే యాదికుంది. అత్తమ్మ "యేసయ్యా!" అని పట్టుకోనీకి ఏదన్న దొరుకుతదేమోనని తడిమింది. సీటు పక్కనున్న హ్యాండ్ బ్రేకు దొరికింది. అది పట్టేది వెనక చక్రాలను, వాటికి నా నూనె అందలే. నలభై ఏండ్లు నాట్లేసి, కోతలు కోసిన చేతులు. బావిలకెల్లి బిందె గుంజినట్టు రెండు చేతులతోని ఒక్క గుంజు గుంజింది.

కారు కీచుమని ఆగింది. దుమ్ము లేచింది. దుమ్ము దిగినంక చూస్తే, మొదటి వరుస ఆకు కట్టలకు మా బంపరుకు జానెడు ఎడం.

వెనక్కి తిరిగి చూసిన. పాప సుజాత గాజులతోని ఆడుకుంటున్నది. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. అత్తమ్మ ఆ బ్రేకును ఇంకా వదల్లే.

"అల్లుడూ, ఈ కర్ర ఊడొచ్చినట్టుంది. విరగ్గొట్టానా ఏంటి?"

"వదలకు అత్తమ్మా, మనల్ని ఆపింది గదే!"

కల్లం చూసుకునే ఆయన నడుమ మీద చేతులేసుకొని వచ్చిండు. "ఏంది సార్, ఆకు అమ్మనీకి వచ్చిన్రా?"

ఓ ముసలి కోయ అవ్వ పాపను ఎత్తుకొని పందిరి నీడకు తీసుకపోయింది. ఇంకొకామె ముక్కు ఎగబీల్చి, "గీ అడవిల కొబ్బరి ఎవరు వేపుతున్నరు?" అన్నది. అందరు నా చక్రాల దిక్కు చూసిన్రు.

ఫోన్ చేస్తే యాకూబ్ భాయ్ కొత్త ప్యాడ్లు పట్టుకొని బైక్ మీద వచ్చిండు. చక్రం విప్పిండు. డిస్కును వేలితోని రాసి వాసన చూసిండు.

"అన్నా, డిస్కులకు తలంటు పోసినవా?"

"కీచుమనకుండ..."

"చేపను పట్టేటోడు చేతులకు నూనె రాసుకుంటడా అన్నా? పట్టుకునేదానికి నూనె పూస్తే ఇంకేం పట్టుకుంటది!"

పందిరి కింద ఆడోళ్లు ఒకల ఒళ్లోకెల్లి ఒకల ఒళ్లోకి పాపను అందుకుంట, నన్ను చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నరు. భాయ్ డిస్కులు శుభ్రంగ కడిగి, కొత్త ప్యాడ్లు బిగించి, తనే ఎక్కి రెండుసార్లు గట్టిగ ఆపి చూసినంక తాళం నా చేతికిచ్చిండు. ఇచ్చేముందు కొంచెం ఆలోచించిండు గూడ.

చర్చికి రెండు గంటలు ఆలస్యంగ చేరినం. పాస్టరు గారు, "ఏమ్మా, ఇంత ఆలస్యం?" అన్నరు. అత్తమ్మ నా పరువు కాపాడుతదనుకున్న. కాపాడింది.

"మా అల్లుడికి కారంటే ప్రాణం అయ్యగారూ. మా అమ్మాయి తలకి రాసుకునే నూనె కూడా దానికే రాశాడు."

చర్చి చర్చంతా నవ్వింది. ఆ నవ్వుల నడుమే మేం పాపను పట్టుకొని ముందర నిలబడ్డం. పాస్టరు గారు గొంతు సవరించుకొని, పాప పక్షాన మమ్మల్ని అడిగిన్రు: "సాతానును, వాని క్రియలన్నిటిని విడిచిపెట్టుచున్నారా?"

"విడిచిపెట్టుచున్నాము" అన్నం ఇద్దరం.

సుజాత నన్ను మోచేతితోని పొడిచి, చెవుల గుసగుసలాడింది: "పానాను గూడ."

దేవుని ముందర, మా అత్తమ్మ ముందర, నిండు సంఘం ముందర నేను కండ్లు మూసుకొని, బిగ్గరగ అన్న: "పానాను కూడా విడిచిపెట్టుచున్నాను."

"ఆమేన్!" అని అందరికన్న గట్టిగ అన్నది మా అత్తమ్మే.