వెర్నెల్ అందించిన మాట

బడి వంటశాలలో వెర్నెల్ హార్‌గ్రోవ్ గరిటె పట్టి ముప్పై ఒక్క ఏళ్లు. చేతివంట అమృతం, మాట మాత్రం మహా పొడుగు. చర్చిలో సాక్ష్యం చెప్పడానికి ఆవిడ లేచిందంటే పాస్టరు గారు కూడా గడియారం వంక చూసుకునేవారు.

1993లో, అమెరికాలోని నార్త్ కరోలినాలో ఆవిడ ఉండే నల్లవాళ్ల పల్లె పక్కన విషపు చెత్త పూడ్చే గొయ్యి తవ్వుతామని ఒక కంపెనీ వచ్చింది. ఊరంతా తాగేది బావి నీళ్లే. అవి పాడైతే ఊరొదిలి పోవడమే గతి. అనుమతి ఇచ్చేదీ మానేదీ కౌంటీ, అంటే జిల్లా, బోర్డులోని అయిదుగురు. మంగళవారం మధ్యాహ్నం విచారణ పెట్టారు. మనిషికి మూడు నిమిషాలు, గంట కొట్టగానే కూర్చోవాలి. అసలు సంగతంతా చెప్పే బాధ్యత వెర్నెల్ మీద పెట్టారు. మూడు వారాలు కూర్చుని రాసుకుంది పాపం.

మైకు ముందు నిలబడింది. అలవాటు ఊరుకుంటుందా? సాక్ష్యానికి లేస్తే దేవుడికీ పాస్టరుకీ పెద్దలకీ వందనాలు చెప్పాకే కదా అసలు మాట! అందరికీ చెప్పింది. బోర్డు వాళ్లనూ వదల్లేదు.

"డ్వైట్ బాబూ, నీకూ వందనాలు. రెండో తరగతిలో ఆకుకూర పెడితే జేబులో కుక్కుకునేవాడివి, గుర్తుందా?"

హాలంతా గొల్లున నవ్వింది. గంట మోగింది.

"టైమైపోయిందమ్మా, కూర్చోండి," అన్నాడు ఛైర్మన్.

"అయ్యో, ఇంకా మొదలే పెట్టలేదండీ!"

కుర్చీలో కూలబడి ఏడుపు లంకించుకుంది ఆవిడ. ఊరి బతుకు తన నోటితో ముంచేశాననుకుంది. అప్పుడు మాట్లాడేవాళ్ల జాబితాలో రెండో పేరున్న ఓటీ మే లేచింది. ఇద్దరూ చిన్ననాటి నుంచీ చర్చిలో పక్కపక్కన పాడినవాళ్లు.

"ఏడుపు తర్వాతే, ముందు అందించవే!"

పాటల పుస్తకాలు అందరికీ సరిపోని ఆ చర్చిలో ఒకరు చరణం అందిస్తే మిగతావాళ్లు ఎత్తుకోవడం తాతలనాటి పద్ధతి. వెర్నెల్ కాగితం విప్పి, కూర్చున్నచోటే ఒక వాక్యం అంది. ఓటీ మే దాన్ని మైకులో పలికింది. హాలు మొత్తం ఎత్తుకుంది.

"ఆగండాగండి! మాట్లాడేదెవరు?" అని ఛైర్మన్ అరిచాడు.

"నేనేనండీ. పేరు నాది, కదిలే నోరు నాది. ఆవిడ గొణుక్కుంటోంది, అంతే!"

నవ్వాపుకోలేక డ్వైట్ తల వంచేసుకున్నాడు. జాబితాలో నలభై పేర్లున్నాయి. ఒకరి గంట మోగితే ఇంకొకరు లేచారు. బావుల లోతు, గొయ్యి లోతు, వాగు ఎటు పారుతుందో, అన్నీ వచ్చాయి. పదిహేనో మనిషి దగ్గర కాగితం అయిపోయింది. మిగతావాళ్లు మళ్లీ మొదటినుంచి అందుకున్నారు.

ఓట్లు లెక్కపెట్టారు. వద్దన్నవాళ్లు ముగ్గురు, కావాలన్నవాళ్లు ఇద్దరు. వద్దంటూ లేచిన మూడో చెయ్యి డ్వైట్‌దే. జనం కుర్చీలెక్కి కేకలు పెట్టారు. వెర్నెల్ మాత్రం వెక్కివెక్కి ఏడ్చింది.

"గెలిచాం కదే, ఇంకా ఏడుపేంటే?" అంది ఓటీ మే.

"మా అమ్మ ఈ హాలు నేల ఇరవై ఏళ్లు తుడిచిందే. ఒక్కనాడు కూడా ఇక్కడ నోరెత్తనివ్వలేదు దాన్ని. ఇవాళ నా మాట నలభై మంది నోట విన్నారే వీళ్లు!"